ఆ కుర్చీలో ఈసారి ఎవరు?

ఆట మొదలయ్యేలోగా టీవీలో మనతో మాట్లాడే మనుషులు వీళ్లు. వీళ్లను ఎవరు తెస్తారు? ఎందుకు మారుస్తారు? న్యూయార్క్ స్టూడియో నుంచి మన తెలుగు ఫీడ్ దాకా యాభై ఏళ్ల కథ ఇది.

2023 మే 28, ఆదివారం. అహ్మదాబాద్‌లో ఐపీఎల్ ఫైనల్. చెన్నై, గుజరాత్ తలపడాలి. ధోనీకి ఇదే చివరి మ్యాచ్ అవుతుందేమోనని స్టేడియం పసుపు రంగుతో నిండిపోయింది. తనకు మాత్రం ఇదే ఆఖరి మ్యాచ్ అని మన అంబటి రాయుడు ఆ రోజే ప్రకటించాడు. ఇంతలో వాన. కవర్లు కప్పారు, తీశారు, మళ్లీ కప్పారు. టాస్ కూడా పడలేదు. రాత్రి బాగా పొద్దుపోయాక ఆటను మర్నాటికి వాయిదా వేశారు.

ఒక్క బంతి పడని ఆ సాయంత్రమంతా టీవీలో ఏం నడిచింది? మనుషులు మాట్లాడారు, అంతే. ఒక యాంకర్, పక్కన ఇద్దరు ముగ్గురు మాజీ ఆటగాళ్లు. పాత ఫైనళ్ల ముచ్చట్లు, పిచ్ ఆరడానికి ఎంతసేపు పడుతుందన్న లెక్కలు, ఎన్ని ఓవర్లు తగ్గించవచ్చన్న నిబంధనలు. అరగంటలో అయిపోవాల్సిన కబుర్లను గంటల తరబడి సాగదీయాలి. చూసేవాళ్లు రిమోట్ అందుకోకూడదు. పెళ్లి పందిట్లో వరుడు రావడం ఆలస్యమైతే వచ్చినవాళ్లకు విసుగు పుట్టకుండా చూసుకునే ఇంటి పెద్ద పని అది.

మర్నాడు ఆట జరిగింది. అర్ధరాత్రి దాటాక జడేజా చివరి రెండు బంతులకు సిక్సర్, ఫోర్ కొట్టి చెన్నైని గెలిపించాడు. అందరికీ గుర్తున్నది ఆ రెండు బంతులే. ముందు రోజు సాయంత్రాన్ని మోసిన మనుషులు ఎవరంటే మనలో చాలామంది చెప్పలేరు. ఆటకు ముందు మనతో కూర్చునే ఆ మనుషుల గురించి, వాళ్లు మారిపోయినప్పుడు మనకు ఒక్క మాటైనా చెప్పని పద్ధతి గురించి ఈ కథనం.

చెవిలో అంకెలు, ముఖంలో నింపాది

రాత్రి ఏడున్నరకు మ్యాచ్ అంటే ఏడింటికి టాస్. అంతకు ముందే స్టూడియో వెలుగుతుంది. యాంకర్ చెవిలో చిన్న ఇయర్‌పీస్ ఉంటుంది. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ప్రొడ్యూసర్ గొంతు అందులో ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది. ‘బ్రేక్‌కి ఇరవై సెకన్లు’, ‘ధోనీ గ్రౌండ్‌లోకి వచ్చాడు, ఆ విజువల్ తీసుకుంటున్నాం’, ‘పిచ్ రిపోర్ట్ ఆలస్యం, ఇంకో ప్రశ్న వెయ్యి’. ఇవన్నీ వింటూనే యాంకర్ ఎదుటి మాజీ కెప్టెన్ చెప్పేది వినాలి. విన్నట్టు కనిపిస్తే సరిపోదు, నిజంగా వినాలి. లేకపోతే తర్వాతి ప్రశ్న తేలిపోతుంది.

కష్టమంతా చివరి పది సెకన్లలో ఉంటుంది. చెవిలో పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్క నడుస్తుంటుంది. మాజీ ఆటగాడు మంచి కథ ఎత్తుకున్నాడు. దాన్ని తుంచాలి, ఆయన నొచ్చుకోకూడదు. సున్నా వచ్చేసరికి యాంకర్ వాక్యం పూర్తవ్వాలి, ప్రకటన మొదలవ్వాలి. ఒక్క సెకను అటూ ఇటూ అయితే మాట మధ్యలో తెగిపోతుంది. ఇంత జరుగుతున్నా ఇంట్లో సోఫాలో కూర్చున్నవాళ్లకు కనిపించేది నింపాదిగా నవ్వుతున్న ఒక ముఖం మాత్రమే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మాజీ ఆటగాడికి ఆట తెలుసు. కానీ చూసేవాళ్లకు ఏం తెలియదో అతనికి తెలియదు. చిన్నప్పటి నుంచి ఆడినవాడికి రివర్స్ స్వింగ్ సహజంగా అనిపిస్తుంది. దాన్ని మొదటిసారి వినే ఇల్లాలి తరఫున, పదేళ్ల పిల్లాడి తరఫున ‘అదెలా జరుగుతుంది?’ అని అడగాల్సింది యాంకరే. ఆ కుర్చీలో కూర్చునేది ప్రేక్షకుడి ప్రతినిధి.

1975: ఒక ఆదివారం, ఒక బల్ల

ఈ తరహా కార్యక్రమానికి ఒక రూపు ఇచ్చింది అమెరికా. ఆట వాళ్ల ఫుట్‌బాల్, ఛానెల్ సీబీఎస్, కార్యక్రమం పేరు ‘ది ఎన్‌ఎఫ్‌ఎల్ టుడే’. అప్పటిదాకా మ్యాచ్ ముందు మాటలను చాలావరకు ముందే రికార్డు చేసి వేసేవారు. 1975 సెప్టెంబరు నుంచి సీబీఎస్ న్యూయార్క్ స్టూడియో నుంచి లైవ్‌లో అరగంట నడపడం మొదలుపెట్టింది. దేశంలో వేర్వేరు ఊళ్లలో ఆడబోయే మైదానాలను ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ, ‘మీరు ఇప్పుడు లైవ్ చూస్తున్నారు’ అని చెప్పే బ్రెంట్ మస్‌బర్గర్ గొంతు ఇంటింటికీ పరిచయమైంది.

మస్‌బర్గర్ పక్కన ఇద్దరు. ఫిలిస్ జార్జ్ 1971 మిస్ అమెరికా. అర్వ్ క్రాస్ ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు ఆడిన డిఫెండర్. జాతీయ టీవీలో పూర్తికాలపు క్రీడా విశ్లేషకుడైన తొలి నల్లజాతీయుడు ఆయనే. మరుసటి ఏడాది పందేల లోకంలో పేరున్న జిమ్మీ ‘ద గ్రీక్’ స్నైడర్ వచ్చి చేరాడు. ఎవరు గెలుస్తారో జోస్యం చెప్పడం అతని పని. యాంకర్, మహిళ, మాజీ ఆటగాడు, జోస్యగాడు. ఇవాళ మన టీవీల్లో ఐపీఎల్ ముందు కనిపించే ప్యానెల్‌ను గమనించండి. దాదాపు ఇదే పంపకం.

ఫిలిస్ జార్జ్‌ను తీసుకున్నప్పుడు ‘అందాల పోటీ అమ్మాయికి ఆటలేం తెలుసు’ అన్నవాళ్లే ఎక్కువ. ఆమె జవాబు చెప్పలేదు, పని చూపించింది. డాలస్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ అప్పట్లో గొప్ప హీరో. గంభీరంగా ఉంటాడు, ఎక్కువ మాట్లాడడు. మంచి బాలుడన్న ముద్ర గురించి ఆమె అతనితో మాట కలిపింది. అంతవరకు ఎవరితోనూ అలా మాట్లాడని మనిషి తన వ్యక్తిగత జీవితం గురించి కెమెరా ముందు మనసు విప్పి, సరదాగా మాట్లాడాడు. వ్యూహాల గురించి అడిగే పదిమంది మగ విశ్లేషకులకు దొరకని మాట ఆమెకు దొరికింది. ఆటగాణ్ని మనిషిగా పరిచయం చేసే ఇంటర్వ్యూలు ఇప్పుడు ప్రతి ఛానెల్లో ఉన్నాయి. ఆ దారి వేసినవారిలో ఆమె ఒకరు.

1978లో ఫిలిస్ పక్కకు తప్పుకుంటే ఆ కుర్చీలోకి జేన్ కెన్నెడీ వచ్చింది. జాతీయ నెట్‌వర్క్ క్రీడా కార్యక్రమంలో అంతటి స్థానం దక్కించుకున్న తొలితరం నల్లజాతి మహిళల్లో ఆమె ఒకరు. 1980లో ఫిలిస్ తిరిగొచ్చింది. అంటే కుర్చీలు మారడం మొదటి నుంచీ ఉన్నదే. ఆ కుర్చీలోకి కొత్తవాళ్లను రానిచ్చినప్పుడల్లా సమాజంలో ఒక తలుపు తెరుచుకుంటూ వచ్చింది.

నోరు జారితే, నెట్‌వర్క్ తలుచుకుంటే

తలుపు మూసుకున్న రోజులూ ఉన్నాయి. 1988 జనవరి. మార్టిన్ లూథర్ కింగ్ జయంతి సమయం. వాషింగ్టన్‌లో ఒక రెస్టారెంట్‌లో ఉన్న జిమ్మీ ద గ్రీక్‌ను స్థానిక టీవీ విలేకరి ప్రశ్న అడిగాడు. నల్లజాతి క్రీడాకారుల దేహ దారుఢ్యానికి బానిసత్వ కాలంలో యజమానులు సాగించిన సంతాన ఎంపికే కారణమన్న అర్థం వచ్చేలా అతను మాట్లాడాడు. మర్నాడే సీబీఎస్ అతణ్ని తొలగించింది. పన్నెండేళ్ల కొలువు ఒక్క జవాబుతో పోయింది. ఆ నిర్ణయం సరైనదే. కోట్లమంది ఇళ్లలోకి వెళ్లే మనిషి ఆ ఇళ్లలో కొందరిని తక్కువ చేసి మాట్లాడాక అక్కడ కూర్చోలేడు.

మస్‌బర్గర్ విషయంలో అలాంటి తప్పేమీ లేదు. 1990 ఏప్రిల్ 1న, కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్‌కు ఒక్క రోజు ముందు సీబీఎస్ ఆయన్ను వదులుకుంటున్నట్టు బయటపడింది. అప్పటికి ఆయన ఆ ఛానెల్ క్రీడలకే ముఖం. మర్నాడు రాత్రి ఆ ఫైనల్‌కు కామెంటరీ చెప్పి, ప్రేక్షకులకు కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయారు. చూసేవాళ్లకు దక్కిన వీడ్కోలు అంతే. ఆ తర్వాత గ్రెగ్ గంబెల్, టెర్రీ బ్రాడ్‌షా ఆ బల్ల దగ్గరికి వచ్చారు.

వాళ్లూ ఎక్కువ కాలం ఉండలేదు. కారణం ఈసారి డబ్బు. 1993 డిసెంబరులో ఫాక్స్ నెట్‌వర్క్ నాలుగేళ్లకు 158 కోట్ల డాలర్లు పెట్టి అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సగం హక్కులు ఎగరేసుకుపోయింది. 1956 నుంచి చూపిస్తున్న సీబీఎస్ చేతిలో ఫుట్‌బాల్ లేకుండా పోయింది. ఆట పోతే ఆటకు ముందు కార్యక్రమం ఉండదు. బ్రాడ్‌షా ఫాక్స్‌కు నడిచాడు, గంబెల్ ఎన్‌బీసీకి వెళ్లాడు. యాంకర్ ఎంత గొప్పవాడైనా అతని కొలువు హక్కుల ఒప్పందానికి ముడిపడి ఉంటుందని ఆ డిసెంబరు అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

కలిసి కూర్చుంటేనే కుదురు

1994లో మొదలైన ‘ఫాక్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ సండే’ వేరే పాఠం చెప్పింది. జేమ్స్ బ్రౌన్ యాంకర్. బ్రాడ్‌షా, హోవీ లాంగ్, జిమ్మీ జాన్సన్ ప్యానెల్. గంటసేపు కార్యక్రమం. జాన్సన్ 1996లో మయామీ డాల్ఫిన్స్ కోచ్‌గా వెళ్లి, 2002లో తిరిగొచ్చాడు. బ్రౌన్ 2006లో సీబీఎస్‌కు మారాడు. తర్వాత కర్ట్ మెనిఫీ వచ్చాడు. 2008లో మైఖేల్ స్ట్రాహన్ చేరాడు. ఇంతమంది వచ్చిపోయినా బ్రాడ్‌షా, లాంగ్ మాత్రం కదల్లేదు. ఇద్దరు స్థిరంగా ఉంటే కొత్తగా వచ్చే మూడోవాడు ఆ ఇంట్లో తేలిగ్గా కలిసిపోతాడు.

ఆ కుదురు విలువ తెలియాలంటే 2020 జనవరి నాటి ఒక దృశ్యం చూడాలి. మ్యాచ్ విరామంలో లైవ్ నడుస్తుండగా ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అధ్యక్షుడు స్టూడియోలోకి వచ్చాడు. ఎదురుగా నిలబడి జిమ్మీ జాన్సన్‌కు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిందని చెప్పాడు. కఠినుడని పేరున్న ఆ కోచ్‌కు మాట పెగల్లేదు. కళ్ల నీళ్లు తిరిగాయి. పక్కనున్న సహచరుల కళ్లూ చెమర్చాయి. ఏళ్ల తరబడి ఒకే బల్ల పంచుకున్న మనుషులు కాబట్టే ఆ క్షణం అంత నిండుగా వచ్చింది. జాన్సన్ 2025 మార్చిలో 81 ఏళ్ల వయసులో స్టూడియోకు సెలవు చెప్పాడు.

వీడ్కోలు ఎలా చెప్పాలో అదే ఏడాది ఇంకో ఛానెల్ చూపించింది. ఈఎస్‌పీఎన్ ‘కాలేజ్ గేమ్‌డే’ 1987లో మొదలైంది. లీ కోర్సో అప్పటి నుంచీ ఉన్నాడు. 1996లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం మస్కట్ తలను తన తలకు తొడుక్కుని ‘వీళ్లే గెలుస్తారు’ అన్నాడు. అది అతని ముద్ర అయిపోయింది. 2009లో పక్షవాతం వచ్చింది. కోలుకుని తిరిగొచ్చాడు. మాట తడబడినా సహచరులు ఓపిగ్గా పక్కన నిలిచారు, ఛానెల్ పక్కన పెట్టలేదు. 2025 ఆగస్టు 30న, తొంభై ఏళ్లు నిండాక, తొలిసారి మస్కట్ తల తొడుక్కున్న ఆ కొలంబస్ ఊళ్లోనే చివరి కార్యక్రమం చేశాడు. ఆ రోజు అతను చెప్పిన ఆరు జోస్యాలూ ఫలించాయి. ముందుగా ప్రకటించారు, తేదీ చెప్పారు, ప్రేక్షకుడికి వీడ్కోలు చెప్పుకునే అవకాశం ఇచ్చారు.

అదే ఈఎస్‌పీఎన్ 2024 ఆగస్టులో, సీజన్‌కు కొద్ది వారాల ముందు, తమ ఆదివారం ఫుట్‌బాల్ కార్యక్రమ యాంకర్ సామ్ పాండర్‌ను పంపించేసి మైక్ గ్రీన్‌బర్గ్‌ను కూర్చోబెట్టింది. ఒకే సంస్థలో రెండు పద్ధతులు. తేడా ఎక్కడుందో తెలుస్తూనే ఉంది.

బాస్కెట్‌బాల్‌లో మరో వింత జరిగింది. ఎర్నీ జాన్సన్, కెనీ స్మిత్, చార్లెస్ బార్‌క్లీ, షకీల్ ఓనీల్ నడిపే ‘ఇన్‌సైడ్ ద ఎన్‌బీఏ’ టీఎన్‌టీ ఛానెల్‌కు ప్రాణం. 2024లో టీఎన్‌టీ యాజమాన్యం ఆట హక్కులు పోగొట్టుకుంది. అయినా ఆ నలుగురి బృందాన్ని విడదీయడానికి ఎవరికీ మనసొప్పలేదు. కార్యక్రమాన్ని పాతవాళ్లే అట్లాంటాలో తయారు చేస్తారు, 2025-26 సీజన్ నుంచి ఈఎస్‌పీఎన్ చూపిస్తుంది అని ఒప్పందం కుదిరింది. హక్కులు చేతులు మారినా కార్యక్రమం బతికింది. దాన్ని బతికించింది ఆ నలుగురి మధ్య ఏళ్లుగా పెరిగిన చనువే.

2003: మందిర ప్రశ్న

ఫిలిస్ జార్జ్ ఎదుర్కొన్న ప్రశ్నే ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత మన దేశంలో మందిరా బేడీకి ఎదురైంది. 2003 ప్రపంచకప్ దక్షిణాఫ్రికాలో. ప్రసారం సోనీ వాళ్ల సెట్ మ్యాక్స్‌లో. మ్యాచ్ ముందు, మధ్యలో, తర్వాత వచ్చే కార్యక్రమం పేరు ‘ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్’. చారు శర్మ పక్కన ‘శాంతి’ సీరియల్‌తో ఇంటింటికీ తెలిసిన మందిర కూర్చుంది. క్రికెట్ మగవాళ్ల పంచాయితీగా సాగుతున్న రోజులవి. ఆమె అడిగిన ప్రశ్నల కన్నా కట్టిన చీర గురించి, తొడుక్కున్న జాకెట్టు గురించి పత్రికలు ఎక్కువ రాశాయి.

తొలి వారం చాలా బాధగా గడిచిందని ఆమె తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది. తాను ప్రశ్న వేస్తే ప్యానెల్లోని మాజీ దిగ్గజాలు తనవైపు చూడకుండా కెమెరా వైపు తిరిగి తమకు తోచింది చెప్పేవారట. ఏడ్చిన సందర్భాలూ ఉన్నాయట. ఛానెల్ వాళ్లు మాత్రం ‘నీ మనసులో ఏ సందేహం ఉంటే అదే అడుగు, నీలాంటి ప్రశ్న ఇంట్లో చాలామందికి ఉంటుంది’ అని నిలబెట్టారు. ఆమె నిలబడింది. భారత్ ఫైనల్ దాకా వెళ్లిన ఆ టోర్నీతో పాటు ఇంట్లో ఆడవాళ్లూ టీవీ ముందుకు వచ్చి కూర్చున్నారు. ఇవాళ క్రికెట్ స్టూడియోలో మహిళా యాంకర్ లేని రోజు లేదు. దానికి తొలి దెబ్బలు తిన్నది మందిర.

ఆమె పక్కన కూర్చున్న చారు శర్మ కథ కూడా గుర్తుంచుకోదగ్గదే. 2022 ఫిబ్రవరి 12న బెంగళూరులో ఐపీఎల్ వేలం నడుస్తుండగా వేలం నిర్వాహకుడు హ్యూ ఎడ్మీడ్స్ కుప్పకూలిపోయారు. దేశమంతా చూస్తోంది. రద్దు చేయడానికి లేదు. ఊళ్లోనే ఉన్న చారు శర్మకు ఫోన్ వెళ్లింది. ఆయన అప్పటికప్పుడు వచ్చి, సుత్తి అందుకుని, తడబాటు లేకుండా వేలం నడిపించారు. లైవ్‌లో కూర్చున్న అనుభవం అలాంటి వేళ అక్కరకొస్తుంది. కుర్చీ పోయినా పనితనం పోదు.

కుర్చీ ఎవరి చేతుల్లో ఉంది?

మన దేశంలో దీని వెనక రెండు చేతులున్నాయి. భారత్‌లో జరిగే మ్యాచ్ దృశ్యం, ఇంగ్లిష్ కామెంటరీ సాగే వరల్డ్ ఫీడ్ మీద క్రికెట్ బోర్డు మాట చెల్లుతుంది. స్టూడియో కార్యక్రమం మాత్రం హక్కులు కొన్న ఛానెల్ సొంతం. కాబట్టి ఎవరిని తీసేసినా ఎవరిని అడగాలో ప్రేక్షకుడికి తెలియదు.

హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో, ఉస్మానియాలో చదివి, పందొమ్మిదేళ్లకే ఆకాశవాణి మైకు పట్టిన హర్షా భోగ్లేను తీసుకోండి. ప్రథమశ్రేణి క్రికెట్ ఆడకుండానే మాటతో, చదువుతో దేశపు క్రికెట్ గొంతు అయ్యాడు. 2016 ఏప్రిల్‌లో, ఐపీఎల్ మొదలయ్యే వేళకు ఆయన్ను కామెంటేటర్ల జాబితా నుంచి తప్పించారు. ఎందుకో తనకే చెప్పలేదని ఆయన ఫేస్‌బుక్‌లో రాసుకున్నాడు. 2020 మార్చిలో సంజయ్ మంజ్రేకర్‌నూ బోర్డు ప్యానెల్ నుంచి తొలగించారు. ఇద్దరూ తర్వాత తెర మీదికి తిరిగొచ్చారు. కానీ కారణం చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరికీ అనిపించలేదు.

క్రీడా యాంకర్ మయంతి లాంగర్ విషయం వేరు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్, కామన్వెల్త్ క్రీడలు, 2011 క్రికెట్ ప్రపంచకప్, స్టార్ ఐపీఎల్ కార్యక్రమాలు. మైదానంలో నిలబడినా స్టూడియోలో కూర్చున్నా ఆమెది తడబడని గొంతు. 2020లో ఐపీఎల్ సెప్టెంబరుకు వాయిదా పడి యూఏఈకి వెళ్లినప్పుడు ఆమె కనిపించలేదు. తీసేశారన్న ఊహలు మొదలయ్యాయి. టోర్నీ మొదలయ్యే ముందు ఆమే చెప్పింది: వారాల కిందటే కొడుకు పుట్టాడని, గర్భవతిగా ఉన్నప్పుడు సంస్థ తనకు అన్ని విధాలా అండగా నిలిచిందని. 2023లో మళ్లీ ఐపీఎల్ స్టూడియోలో కనిపించింది. బాలింత తిరిగొచ్చేదాకా చోటు ఉంచిన ఉదాహరణ ఇది. దేశంలోని ప్రతి ఉద్యోగినికీ ఈ కబురు చేరాలి.

కుర్చీ మారడానికి దారులు

• హక్కులు: 2008 నుంచి పదేళ్లు ఐపీఎల్ సోనీలో వచ్చింది. 2018-22 హక్కులను స్టార్ రూ. 16,347.5 కోట్లకు దక్కించుకోగానే ‘ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్’ ముఖాలు ఐపీఎల్‌కు దూరమయ్యాయి. 2023-27 హక్కులు మొత్తం రూ. 48,390 కోట్లు పలికాయి. టీవీ ఒకరికి, డిజిటల్ ఇంకొకరికి దక్కడంతో ఒకే మ్యాచ్‌కు రెండు స్టూడియోలు, రెండు బృందాలు వచ్చాయి. ఆ రెండు సంస్థలూ 2024 నవంబరులో కలిసిపోయాయి.

• జట్టు పిలుపు: స్టూడియో నుంచి డ్రెస్సింగ్ రూమ్‌కు. రవిశాస్త్రి, గౌతమ్ గంభీర్ అలాగే భారత జట్టు కోచ్‌లయ్యారు.

• నోటి మాట: జిమ్మీ ద గ్రీక్ కథ చూశాం.

• వయసు, ఆరోగ్యం, కుటుంబం: కోర్సో, జాన్సన్, మయంతి.

• చెప్పని కారణం: అన్నిటికన్నా ఎక్కువగా బాధించేది ఇదే.

తెలుగు బల్ల

2018 ఐపీఎల్‌ను స్టార్ ఆరు భాషల్లో ఇచ్చింది. అందులో తెలుగు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ మొదలైంది. ఇంగ్లిష్, హిందీ రానివాళ్లు బొమ్మ చూసి ఊహించుకోవాల్సిన రోజులు పోయాయి. ఊళ్లో తాతయ్య, పట్నంలో మనవడు ఒకే విశ్లేషణ వింటున్నారు. ఎడమచేతి వాటం బౌలర్ ఆఫ్‌స్టంప్ బయట ఎందుకు వేస్తున్నాడో మన భాషలో విడమరిచి చెబితే ఆ ఆనందమే వేరు.

వెంకటపతి రాజు, ఎంఎస్‌కే ప్రసాద్, విశాఖ వేణుగోపాలరావు లాంటివాళ్లు ఆ మైకు ముందుకు వచ్చారు. వానలో ఆగిన ఫైనల్‌తో ఆటకు వీడ్కోలు చెప్పిన అంబటి రాయుడు కొద్ది కాలానికే మైకు పట్టాడు. కబడ్డీతో, క్రికెట్‌తో వింధ్య విశాఖ తెలుగు క్రీడా యాంకర్‌గా పేరు తెచ్చుకుంది. సినిమా వేడుకలకు, వంటల కార్యక్రమాలకు తప్ప తెలుగు యాంకర్‌కు చోటు లేదనుకునే రోజుల్లో ఆటల బల్ల దగ్గర ఒక తెలుగు అమ్మాయి కూర్చోవడం చిన్న విషయం కాదు.

మార్పులు ఇక్కడా ఆగవు. 2024 అక్టోబరులో వేణుగోపాలరావు ఢిల్లీ క్యాపిటల్స్ క్రికెట్ డైరెక్టర్‌గా వెళ్లాడు. ఆ జట్టుకు కోచ్‌గా వెళ్లిన హేమంగ్ బదానీ తమిళ ఫీడ్‌లో వినిపించిన మనిషే. అది గర్వపడాల్సిన సంగతి. ఆటను లోతుగా చదివి చెప్పేవాళ్లను జట్లు పిలుచుకుపోతున్నాయంటే ప్రాంతీయ భాషా ప్యానెళ్లు రెండో రకం సరుకు కాదని అర్థం.

కానీ లోటూ ఉంది. సినిమా విడుదల దగ్గర పడితే హీరోలు స్టూడియోకు వస్తారు. రావడంలో తప్పు లేదు, క్రికెట్, సినిమా రెండూ మన ప్రాణాలే. అయితే పిచ్ గురించి, జట్టు కూర్పు గురించి మాట్లాడాల్సిన సమయం ట్రైలర్‌కు పోతే ఆట చూడటానికి వచ్చినవాడు మోసపోతాడు. ఇంకొకటి, సీజన్ మారగానే తెలుగు బృందంలో ఎవరుంటారో, ఎవరు పోతారో చివరి నిమిషం దాకా తేలదు. మాటల్లో కుదురు ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తేనే వస్తుంది. ఏటా పునాది తవ్వి మళ్లీ మొదలుపెడితే ఇల్లు ఎప్పటికి లేస్తుంది?

మహిళల విషయంలోనూ ఇంతే. మిథాలీ రాజ్ ఆట నేర్చుకున్న హైదరాబాద్ మనది. 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడిన శ్రీచరణి కడప బిడ్డ. యాంకర్ కుర్చీలో మహిళను కూర్చోబెట్టడంతో పని అయిపోదు. విశ్లేషకుల కుర్చీ కూడా మన మాజీ మహిళా క్రికెటర్లకు దక్కాలి. ఫిలిస్ జార్జ్, మందిర తెరిచిన తలుపు ప్రశ్న అడిగేదాకా తెచ్చింది. జవాబు చెప్పే కుర్చీ దాకా రావడం మిగిలి ఉంది.

ఛానెళ్లకు ఒక మాట, ప్రేక్షకులకు ఒక మాట

వేల కోట్లు పెట్టి ఆటను కొనుక్కోవచ్చు. ప్రేక్షకుడి నమ్మకాన్ని కొనలేరు. దాన్ని ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ప్రతి సాయంత్రం కొంచెం కొంచెంగా సంపాదించాలి. ఆ మనిషిని మార్చే హక్కు ఛానెల్‌కు ఉంది. మార్చినప్పుడు చెప్పే బాధ్యత కూడా ఉంది. వెళ్లేవాళ్లకు చివరి కార్యక్రమంలో రెండు నిమిషాలు ఇవ్వడానికి ఖర్చేమీ కాదు. కొత్తగా వచ్చేవాళ్లను పరిచయం చేయడానికీ కాదు. తెలుగు బృందాన్ని కనీసం మూడు నాలుగు సీజన్లు కలిపి ఉంచండి. రంజీ ఆడి ఎవరికీ తెలియకుండా మిగిలిపోయిన మన ఆటగాళ్లకు, మన మహిళా క్రికెటర్లకు మైకు ముందు శిక్షణ ఇవ్వండి. సినిమా కబుర్లకు వేరే వేళ చూసుకోండి.

ఇక మీకు. ఈ సీజన్‌లో టాస్‌కు ముందు ఎవరి మాట మీకు నచ్చిందో ఆ పేరు గుర్తుపెట్టుకోండి. బాగా అడిగిన ప్రశ్నకు మెచ్చుకుంటూ ఛానెల్‌కు ఒక మాట రాయండి. వచ్చే ఏడాది ఆ మనిషి కనిపించకపోతే, ‘ఏరీ?’ అని అడగండి. అడిగేవాళ్లు ఉంటేనే జవాబు చెప్పడం అలవాటవుతుంది.